డెట్రాయిటు నగర దహనము - దాని పూర్వోత్తరములు

గడచిన మాసమున మా గ్రామములో రావిచెట్టు క్రింది రచ్చబండకడ గూర్చుండి యుండగా ఒక పెద్దరైతు నన్నొక ప్రశ్న యడిగెను. ఆయన మనుమడు అమెరికాలో మిచిగను రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నాడు. "పంతులుగారూ, ఆ దేశములో నల్లవారికి కోపము వచ్చినప్పుడు తమ పేటలను తామే తగులబెట్టుకొందురట గదా! పరుల కొంపకు నిప్పు పెట్టువానిని చూచితిమి గాని, తన కొంపకు తానే పెట్టుకొను వెఱ్ఱివాడు లోకములో నుండునా?" అని ఆయన యడుగగా కూర్చున్నవారందఱు నవ్విరి. నేనును నవ్వితిని. కాని యింటికి వచ్చిన పిదప ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దానికి సమాధానముగా, ఆయన మనుమడు నివసించు ప్రాంతమునందే, డెట్రాయిటు నగరములో 1967 వ సంవత్సరమున జరిగిన కల్లోలమును గూర్చి నేడు ముచ్చటింప దలచితిని.

పూర్వకథ కొంత చెప్పక తప్పదు. ఆఫ్రికానుండి నల్లజాతివారిని తెచ్చి వర్జీనియా తీరమున నమ్ముట 1619 లో నారంభమయ్యెను. రెండువందల యేబది యేండ్లకు దగ్గఱగా సాగిన యా బానిసత్వము అంతర్యుద్ధానంతరము 1865 లో రాజ్యాంగ సవరణచే రద్దయ్యెను. పౌరసత్వము 1868 లోను, పురుషులకు వోటు హక్కు 1870 లోను కాగితముమీద లభించినవి. కాగితముమీద నని యేల యనుచున్నాననగా, దక్షిణ రాష్ట్రములలో నా హక్కులు నిలువలేదు. రైలుపెట్టెలు వేఱు, బడులు వేఱు, నీటికొళాయిలు వేఱు. ఇట్లు వేఱుచేసినను సమత్వమునకు భంగము లేదని 1896 లో అమెరికా సుప్రీంకోర్టే తీర్పు చెప్పెను. అంటరానితనము నెఱిగిన మన గ్రామములవారికి దీనిని విస్తరించి చెప్పనక్కఱలేదు.

ఆ బాధలు పడలేక నల్లజాతివారు ఉత్తరదేశపు పట్టణములకు తరలసాగిరి. 1916 మొదలు 1970 వఱకు అట్లు తరలినవారు సుమారు 60 లక్షలమంది. మోటారుబండ్లకు పుట్టినిల్లయిన డెట్రాయిటు వారిని మిక్కిలి యాకర్షించెను. ఫోర్డు కర్మాగారమున 1914 లోనే దినమునకు 5 డాలర్ల కూలి ప్రకటించి యుండిరి. పత్తిచేలలో అప్పులపాలై మ్రగ్గిన కుటుంబములకు ఆ మాట యమృతప్రాయముగా వినబడియుండును.

ఉత్తరమున "నల్లవారు రారాదు" అను బోర్డులు తఱచుగా గానరావు. అక్కడి నిర్బంధము వేఱు విధమైనది. ఇల్లు, ఋణము, దస్తావేజు అను మూడు త్రాళ్లతో పేనినది. నా ప్రసంగమునకు జీవస్థానమిదియే గనుక కొంచెము నెమ్మదిగా వినుడు.

ఆ దేశమున సామాన్యుడు ఇల్లు కొనవలెనన్న బ్యాంకుకడ తనఖాపై అప్పు తెచ్చి యేండ్లతరబడి తీర్చును. 1930 ప్రాంతమున దేశమంతట ఆర్థికమాంద్యము వచ్చి వేలకొలది యిండ్లు వేలమున బోవుచుండగా ప్రభుత్వము కలుగజేసికొనెను. ఒక సంస్థ పట్టణముల పటములు గీయించి పేటలకు నాలుగు రంగులు వేయించెను. అప్పిచ్చుటకు శ్రేష్ఠమైనవానికి ఆకుపచ్చ, తరువాత నీలము, పసుపు, అపాయకరమైనవానికి ఎఱుపు. నల్లజాతివారు కాపురమున్న పేటకు ఎఱుపు తప్పనిసరి యనదగినంతగా నుండెను. 1934 లో నేర్పడిన మఱియొక ప్రభుత్వశాఖ గృహఋణములకు హామీ నిచ్చుచు, భిన్నజాతులవారు కలసిన పేట విలువ పడిపోవునని తన నిబంధనలలోనే వ్రాసికొనెను. హామీ లేనిచోట బ్యాంకు అప్పియ్యదు. అప్పు పుట్టని యిల్లు మరమ్మతునకు నోచుకొనదు. మరమ్మతు లేని యిల్లు విలువ తగ్గును. విలువ తగ్గినది గనుక పటములోని యెఱుపు సరియైనదే యని మరల నిరూపించుకొందురు. మన శాస్త్రములలో అన్యోన్యాశ్రయ దోషమని చెప్పుదురు. తర్కములో నది దోషము మాత్రమే, ఇక్కడ లక్షల కుటుంబముల ఆస్తి దానిలో హరించిపోయెను.

ఇక మంచిపేటలలో కొందమన్నను, ఈ స్థలమును శ్వేతజాతివారికి దప్ప అమ్మరాదను షరతు క్రయపత్రములలోనే వ్రాయుచుండిరి. అట్టి షరతులను న్యాయస్థానములు అమలుపరుపరాదని 1948 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినను ఆచారము వెంటనే పోలేదు.

డెట్రాయిటులో దీనికొక దృష్టాంతము నేటికిని కన్నులకు గనబడును. నగరపు ఉత్తరపు టెల్లకు సమీపమున నల్లజాతివారి చిన్నపేట యొకటి యుండెను. దాని ప్రక్కనే ఒక వ్యాపారి తెల్లవారికొఱకు కొత్తయిండ్లు కట్టబూనగా, ఇంత చేరువగా నల్లవారున్నచోట హామీ యీయజాలమని ప్రభుత్వశాఖ చెప్పెను. అతడు 1941 లో రెండుపేటల నడుమ ఆరడుగుల యెత్తున, అరమైలు పొడవున కాంక్రీటు గోడ కట్టించెను. హామీ లభించెను. ఆ గోడ దొంగలనాపుటకు గాదు, వరదనాపుటకు గాదు, అప్పు పుట్టించుటకు! ఊరి వెలుపల వాడలను కట్టించిన మన పూర్వులకు సయితము ఇట్టి యుపాయము తోచియుండదు.

మఱి దొమ్మీల సంగతి. పట్టణపు దొమ్మీ యన్న నేడు నల్లవారి యల్లరి యని చాలమంది తలంచుచున్నారు. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ఆ మాటకర్థము వేఱు. 1919 జూలైలో చికాగోలోని మిచిగను సరస్సులో ఈదుచు తెల్లవారి భాగమువైపు కొట్టుకొనిపోయిన పదునేడేండ్ల నల్ల బాలుడొకడు రాళ్లదెబ్బల కారణమున మునిగి చనిపోగా, తరువాతి కలహములో 38 మంది మరణించిరి. వారిలో 23 మంది నల్లవారు. 1921 లో టల్సా నగరమున గ్రీన్‌వుడ్ అను సంపన్నమైన నల్లవారి పేటపై తెల్లవారి మూకలు పడి 35 వీథుల మేర కాల్చివేసినవి. వేయికి మించిన యిండ్లు బూడిదయ్యెను. డెట్రాయిటులోనే 1943 లో 34 మంది చనిపోగా 25 మంది నల్లవారు. కావున రచ్చబండకడ ఆ పెద్దరైతు అడిగిన ప్రశ్నకు మొదటి సమాధానమిది: మొదట వారి కొంపలను కాల్చినది పరులే.

యుద్ధము ముగిసిన పిమ్మట నగరమును బాగుచేయు నెపమున, "బ్లాక్ బాటం" అను పాతపేటను, దానినానుకొనియున్న హేస్టింగ్సు వీథిని పడగొట్టి పెద్ద మోటారురస్తా వేసిరి. ఆ వీథిలో నల్లవారి దుకాణములు, సంగీతశాలలు, వైద్యుల గదులు నుండెడివి. అవి పోయినవి. అచ్చటివారిలో చాలమంది 12వ వీథి ప్రాంతమున కెగబ్రాకి, ఒక కుటుంబమునకు కట్టిన యింట రెండు మూడు కుటుంబములుగా నిఱుకుకొనిరి. అదే కాలమున కర్మాగారములు నగరము వెలుపలి శివారులకు మరలిపోవుచుండెను. ఇరువదియేండ్లలో లక్షకు పైగా పనులు నగరమునుండి జాఱిపోయినవి. పని పోయినచోటికి కాపురము పోదమన్న అక్కడ ఇల్లు అమ్మరు.

ఇంతలో దేశమున గొప్ప ధర్మోద్యమము నడచెను. మార్టిన్ లూథర్ కింగు మన గాంధీమహాత్ముని సత్యాగ్రహమార్గము నవలంబించి, 1959 లో స్వయముగా మన దేశమునకు వచ్చిపోయెను. కేరళలో హరిజన బాలురు చదువు పాఠశాల కేగినప్పుడు ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికానుండి వచ్చిన సాటి అంటరానివాడని పరిచయము చేసెననియు, ఆ మాటకు క్షణకాలము నొచ్చుకొని, పిదప అది నిజమేయని గ్రహించితిననియు ఆయనయే తరువాత నొక యుపన్యాసమున చెప్పెను. 1963 జూన్‌లో డెట్రాయిటు వీథులలో ఆయన వెంట లక్షమందికి పైగా నడచిరి. 1964 లో పౌరహక్కుల శాసనము, 1965 ఆగస్టు 6 న వోటుహక్కు శాసనము వచ్చినవి.

సరిగా అయిదుదినములకు, ఆగస్టు 11 న, లాస్ ఏంజెలెసు నగరమున వాట్సు పేట భగ్గుమనెను. 34 మంది మరణించిరి. శాసనములు వచ్చిన పిదప అల్లరియేమని తెల్లవారిలో మంచివారు సయితము విస్తుపోయిరి. విస్తుపోవలసినది లేదు. ఆ శాసనములు దక్షిణమున భోజనశాలలో గూర్చుండు హక్కునిచ్చినవి, వోటు నిచ్చినవి. ఉత్తరపు పట్టణమున నల్లవాడు ఏనాడో వోటు వేయుచుండెను. అతనికి కావలసినవి ఇల్లు, పని, పోలీసువాని మర్యాద. ఈ మూటిని గూర్చి యా శాసనములు చేసినది స్వల్పము.

పోలీసుల మాట వచ్చినది గనుక చెప్పెదను. డెట్రాయిటు జనములో నల్లవారు మూడవవంతునకు మించియుండగా పోలీసులలో నూటికి తొంబదిమందికి పైగా తెల్లవారు. వీథిలో నిలిచిన యువకుని కారణము లేక నాపి సోదా చేయుట, తిట్టుట నిత్యకృత్యములు. 1967 జూలై 23 ఆదివారము తెల్లవారుజామున వారు 12వ వీథిలో లైసెన్సులేని పానశాలపై దాడిచేసిరి. పది యిరువదిమందియుందురని తలచి పోగా, వియత్నాము యుద్ధమునుండి వచ్చిన యిద్దఱు సైనికులకు స్వాగతమిచ్చు విందులో ఎనుబదిమందికి పైగా దొరికిరి. అందఱిని పట్టుకొనిరి. కొనిపోవుటకు బండ్లు చాలక దాదాపు గంట పట్టెను. గ్రీష్మకాలపు ఉక్కపోతలో మేలుకొనియున్న జనము చుట్టు మూగెను. ఎవరో సీసా విసరిరి. పోలీసుబండి యద్దము పగిలెను. తరువాత నొక దుకాణము, పిమ్మట నింకొకటి.

ఆ పగలు జాన్ కాన్యర్సు అను నల్లజాతి పార్లమెంటు సభ్యుడు మోటారుపై నిలిచి శాంతింపుడని బ్రతిమాలగా ఆయనపైకే రాళ్లు విసరిరి. తాము వోటువేసి పంపినవానినే! నల్లవారైన వర్తకులు తమ కిటికీలపై ఇది సోదరునిదని వ్రాసికొనిరి. కొన్ని బ్రతికినవి, కొన్ని బ్రతుకలేదు. 12వ వీథి దుకాణములలో పెక్కు పేటలో నివసింపని బయటివారివి. అరువునకు అధికధరలు గుంజుచుండిరని వారిపై పాతకసి యుండెను. కాని మంట దుకాణమునకును దాని వెనుకనున్న బీదవాని యింటికిని భేదము చూడదు. ఆనాడు గాలియు బలముగా వీచెను. లూటీచేసినవాని తల్లి సయితము నిలువనీడ లేక బజారునబడిన సందర్భములుండును. నేను దీనిని సమర్థింపజాలను. లక్కయింటికి నిప్పంటించినవానిది నేరమే. అయితే లక్కను మెత్తినవాని పేరు విచారణలో రాకుండుట న్యాయము గాదు.

గవర్నరు రామ్నీ రాబోవు ఎన్నికలలో అధ్యక్షపదవి నాశించుచుండెను. అధ్యక్షుడు జాన్‌సను అతని ప్రత్యర్థి. కేంద్రసేనను పంపుటకు ఏ మాట వ్రాసియియ్యవలెనన్న వాదములో సోమవారమంతయు గడచి, అర్ధరాత్రికిగాని సేన వీథులలోనికి రాలేదు. ఇల్లు కాలి యొకడేడ్చుచుండ చుట్టకు నిప్పడిగిన సామెత వారు విని యుండరు.

వచ్చిన సేనలు రెండు విధములు. రాష్ట్రపు నేషనల్ గార్డు దళము ఇంచుమించుగా నంతయు తెల్లవారు, అనుభవము లేని యువకులు, బెదరియుండిరి. కిటికీలో సిగరెట్టు వెలిగించిన వెలుగు చూచి తుపాకి కాల్పని భ్రమించి వారు పేల్చిన గుండ్లకు నాలుగేండ్ల బాలిక చనిపోయెను. కేంద్రసేనలో యుద్ధము చూచినవారు, నల్లవారు ననేకులుండిరి. వారి సేనాని తుపాకులలోని గుండ్లు తీసివేయుడని యాజ్ఞాపించెను. వారు కాపలాయున్న తూర్పుభాగము త్వరలోనే చల్లబడెను. మొత్తము మృతులు 43 మంది. 33 మంది నల్లవారు, 10 మంది తెల్లవారు. పోలీసులచే 20 లేక 21 మంది, గార్డుచే 7 మొదలు 9 మంది, కేంద్రసేనచే ఒక్కడు మరణించినట్లు విచారణలో తేలెను. అల్జీర్సు అను బసలో ముగ్గురు నల్ల యువకులు పోలీసుల దాడిలో చనిపోగా, నేరము మోపబడినవారిలో నొక్కరికిని శిక్ష పడలేదు. పట్టుబడినవారు ఏడువేలకు పైగా. చెఱసాలలు చాలక బస్సులలోను, పోలీసు మోటారుశాలలలోను నుంచిరి.

మంటలారకమునుపే జాన్‌సను పదునొకండుగురితో విచారణసంఘము నియమించెను. ఇలినాయి గవర్నరు ఆటో కెర్నరు దాని యధ్యక్షుడు. 1968 ఫిబ్రవరి చివర ప్రకటింపబడిన యా నివేదిక లక్షలప్రతులు అమ్ముడుపోయెను. ఇది కుట్ర కాదని, బయటివారి ప్రేరణ కాదని సంఘము తేల్చెను. అల్లరిలో పాల్గొన్నవాడు నిన్న వచ్చిన పల్లెటూరివాడు గాడు. ఆ నగరముననే పుట్టి పెరిగి, ఇంటనుండినవానికంటె కొంచెమెక్కువ చదివిన యువకుడు. బడిపంతులుగా నన్ను మిక్కిలి కలచిన వాక్యమిది. చదువు చెప్పి ద్వారము మూసినచో నేమగునో మనకును తెలియవలసియున్నది. దేశము తెల్లది, నల్లది అను రెండు సమాజములుగా చీలుచున్నదనియు, ఆ వాడలను సృష్టించి పోషించినది శ్వేతసమాజమేయనియు సంఘము నిర్మొగమాటముగా చెప్పెను. ఇరువదిలక్షల కొత్త పనులు, అయిదేండ్లలో అరువదిలక్షల యిండ్లు కావలెనని సూచించెను.

సంఘము నెదుట సాక్ష్యమిచ్చిన కెన్నెత్ క్లార్కు అను పండితుడు, 1919 నాటి చికాగో నివేదికయు, 1935, 1943 సంవత్సరముల హార్లెము నివేదికలును, వాట్సు నివేదికయు చదివితిననియు, అదే విశ్లేషణము, అవే సూచనలు, అదే నిశ్చేష్టత, ఒకే చలనచిత్రము మరల మరల చూచినట్లున్నదనియు ముందే హెచ్చరించెను. అట్లే జరిగెను. వియత్నాము యుద్ధమునకు ధనము పోవుచుండెను. నివేదిక జాన్‌సనునకు రుచింపలేదు. అయిదువారములకు, ఏప్రిల్ 4 న, కింగు హత్యకు గురియయ్యెను. నూఱుకు పైగా పట్టణములు భగ్గుమన్నవి. గృహముల యమ్మకమున జాతిభేదము నిషేధించు శాసనమొకటి ఏప్రిల్ 11 న వచ్చెను. ఆ సంవత్సరాంతమున శాంతిభద్రతలను నినాదముగా చేసికొన్న నిక్సను ఎన్నికలలో గెలిచెను.

రాజకీయమున మార్పు రాలేదనరాదు. క్లీవ్‌లాండులో కార్ల్ స్టోక్సు 1967 లోనే మేయరుగా నెన్నుకొనబడెను. డెట్రాయిటులో 1973 లో కోల్మన్ యంగు గెలిచి ఇరువది యేండ్లు పాలించెను; పోలీసుదళములో నల్లవారిని విరివిగా చేర్చెను. కాని కోటతాళములు చేతికి వచ్చునప్పటికి బొక్కసము వట్టిపోవుచుండెను. 1950 లో 18 లక్షలకు మించిన జనసంఖ్య 2020 నాటికి 6 లక్షల 40 వేలకు దిగినది. పన్నుకట్టువారు శివారులకు పోయిరి. 2013 లో నగరము దివాలా దరఖాస్తు పెట్టుకొనెను. బడుల విషయమున శివారులను నగరముతో కలపి పిల్లలను చేర్పవలెనని దావా వేయగా, శివారులకు బాధ్యత లేదని 1974 లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి తీర్పుచెప్పెను. వేఱు బడులు చెల్లవని 1954 లో వాదించి గెలిచిన న్యాయవాది థర్గుడ్ మార్షలు, ఇప్పుడు న్యాయమూర్తియై, ఆ నలుగురిలో నొకడుగా నసమ్మతి తెలుపవలసి వచ్చెను.

తరువాతి కథ చాలవఱకు మీరు వార్తలలో వినియున్నదే. 1992 లో లాస్ ఏంజెలెసున రాడ్నీ కింగును కొట్టిన పోలీసులు విడుదల కాగా అరువదిమందికి పైగా మరణించిరి. 2008 లో ఒబామా అధ్యక్షుడుగా నెన్నికయ్యెను. 2020 మే 25 న మినియాపొలిసున జార్జి ఫ్లాయిడు మెడపై పోలీసువాడు తొమ్మిది నిమిషములకు పైగా మోకాలుంచి ప్రాణము తీయగా, వీథినబోవు బాలిక తన ఫోనులో పట్టిన చిత్రము లోకమంతయు చూచెను. కొన్ని నగరములలో నిప్పు లేచినను, ఆ వేసవి యూరేగింపులలో నధికభాగము శాంతముగా జరిగినవి. 2021 లో ఆ పోలీసువాడు హంతకుడని జ్యూరీ తేల్చెను.

ఇక మన పెద్దరైతు మనుమని సంగతి. 1917 నుండి భారతీయులు ఆ దేశమున బ్రవేశింపకుండ శాసనమడ్డుపడెను. భారతీయులు శ్వేతజాతి కారు గనుక పౌరులు కాజాలరని 1923 లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పెను. 1946 లో ఏటికి వందమందికి మాత్రము అనుమతి లభించెను. ఆ తలుపు పూర్తిగా తెఱచినది 1965 అక్టోబరు నాటి వలసశాసనము. నల్లజాతివారు దెబ్బలు తిని, చెఱలకేగి, జాతినిబట్టి మనుష్యుని తూచరాదని దేశముచే నొప్పించిన యా దినములలోనే యది వచ్చెను. మన యింజనీర్లు, వైద్యులు వెళ్లి యిండ్లు కొనుచున్న ఆ శివారులలోనే యొకప్పుడు వారికి స్థలమమ్మలేదు. 1992 లో దోపిడికో దహనమునకో గుఱియైన దుకాణములలో రెండువేలకు పైగా కొరియావారివి. వారును ఆ తలుపులోనుండి వచ్చినవారే. తాను నడచు బాట నెవరు వేసిరో ఆ పిల్లవానికి తెలియునా యని నేనడుగగా, తాతగారు "ఉత్తరములో వ్రాసెదను" అనిరి.

1955 లో మాంట్‌గొమెరీ నగరపు బస్సులో లేవననిన రోజా పార్క్సమ్మ పేరు మీరు వినియుందురు. పని దొరకక, బెదిరింపులు మానక, ఆమె 1957 లో డెట్రాయిటునకే తరలివచ్చెను. 1967 లో ఆమె యిల్లు 12వ వీథికి మైలుదూరములో నుండెను. ఆమె ఇరువదియేండ్లకు పైగా కాన్యర్సు కచేరీలో పనిచేసెను. 1976 లో ఆ 12వ వీథికి ఆమె పేరు పెట్టిరి. ఆరడుగుల గోడలో కొంతభాగమిప్పటికిని నిలిచియున్నది. 2006 లో పేటవారు దానిపై రంగులతో బొమ్మలు వ్రాసిరి, వానిలో బస్సెక్కుచున్న యామె బొమ్మయు నున్నది.